కలివి పొద: గింజ నుంచి బీడు దాకా

కడప, అనంతపురం జిల్లాల్లో గుట్టల అడుగున ఉండే ఎర్ర గరుసు బీళ్లలో, పక్షుల కోసం, చిన్న నల్ల పండ్లు కాసే కలివి ముళ్లపొదల్ని మళ్లీ నిలబెట్టే పని మేం నారుతో మొదలుపెట్టం. ముందు నేలంతా వంగి చూసుకుంటూ నడుస్తాం. ఎండాకాలం చివర ఒకసారి, తొలి వానలు పడ్డ రెండు మూడు వారాలకు ఇంకోసారి. మేకలు కొరికి, పొయ్యిలోకి నరికి, ఏటేటా గడ్డికి నిప్పు పెట్టి బోడి చేసిన బీట్లో కూడా కలివి మొద్దులు మట్టి కింద బతికే ఉంటాయి. పైకి కనపడేది జానెడే: గిడసబారిన కొమ్మలు, ఎదురెదురుగా చిన్న దళసరి ఆకులు, కణుపు దగ్గర జత ముళ్లు. ఆకు తుంపితే తెల్లగా పాలు కారతాయి. రేగుకూ బలుసుకూ ముళ్లున్నా పాలుండవు కాబట్టి పొరబడే పని లేదు. చుట్టూ మట్టి గీకితే ఆ జానెడు కంప కింద మణికట్టంత లావు మొద్దు బయటపడుతుంది. మనం నర్సరీ సంచిలో ఎంత బాగా పెంచినా అందుకోలేని లోతుకు దాని వేరు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది.

అలాంటి మొద్దును రెండు వానాకాలాలు మేక నోటికీ నిప్పుకూ దూరంగా ఉంచితే నడుమెత్తు పొద అవుతుంది, పూత కూడా పడుతుంది. గింజ నుంచి వచ్చిన మొక్క ఆ ఎత్తుకు రావాలంటే నాలుగైదేళ్లు. అందుకే కనపడ్డ ప్రతి మొద్దు పక్కనా సున్నం పూసిన రాయి పెట్టి లెక్క కడతాం. ఎకరానికి వంద దాటితే అక్కడ నాటే పనే లేదు, ఉన్న డబ్బంతా కావలికీ కంచెకూ పెట్టాలి. ముప్పై నలభై ఉంటే ఖాళీలు చూసి నాటాలి. పాత గనుల మట్టి దిబ్బలు, జేసీబీతో చదును చేసి వదిలేసిన భూములు లాంటి చోట ఒక్క మొద్దూ మిగలదు, అక్కడ మాత్రం పూర్తిగా నారే గతి. మొక్కలు నాటే ముందు యంత్రం పెట్టి నేల ‘శుభ్రం’ చేయించడం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తెలివితక్కువ. పదేళ్లు పెంచినా రానిదాన్ని ఒక్క పూటలో పెళ్లగించి, అదే గుంతలో సంచి మొక్క పెడతారు.

సరే, నారు కావాల్సిందే అనుకుందాం. గింజ ఎక్కడి నుంచి తెస్తున్నామన్నది తేల్చుకోవాలి. నర్సరీలో అడిగితే వాక్కాయ మొక్క చేతిలో పెడతారు. పప్పులోకీ పులిహోరకూ అది బంగారమే గానీ ఈ పనికి సరిపోదు. వాక్కాయ పెద్దది, పిగిలిపిట్ట మింగలేక పొడుచుకు తింటుంది, గింజ చెట్టు కిందే రాలిపోతుంది. కలివి పండు చిన్నది, గుటుక్కున దిగిపోతుంది, గింజ ఎక్కడో రెట్టలో పడుతుంది. పైగా నర్సరీ వాక్కాయ మొక్క కాయ సైజు కోసం ఎంచి పెంచినది, మన గుట్టల కరువును చూసింది కాదు. నాటబోయే చోటికి ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపు, అదే రకం నేలలో ఉన్న పొదల పండ్లే తీసుకోవాలి. అవి కూడా ఒకటి రెండు పొదలవి కాదు, కనీసం ముప్పై నలభై పొదలవి, ఒక్కోదాని నుంచి కొద్దికొద్దిగా. చేల గట్లు, డొంకలు, పట్టా బీళ్లలో ఇవి కావలసినన్ని దొరుకుతాయి. అభయారణ్యంలోకీ రిజర్వు ఫారెస్టులోకీ అనుమతి లేకుండా వెళ్లి కోయకూడదు, నాటనూ కూడదు.

పూత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పండ్లు మే చివర మొదలై జూలై దాకా నల్లబడతాయి. పూర్తిగా నల్లగా అయి, ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చే పండునే కోయాలి. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే పాలు ఎక్కువ, గింజ పచ్చిది, మొలక సగానికి పడిపోతుంది. కిలో పండ్లలో వెయ్యికి పైగానే గింజలుంటాయి కాబట్టి ఎకరా పనికి ఒక్క కిలో ధారాళం. పొద మీది పండ్లలో నాలుగో వంతుకు మించి ముట్టుకోం, మిగతావి పక్షులవీ నక్కలవీ.

కోసిన రోజే కడగాలి. గుజ్జు పులిస్తే గింజకు బూజు పడుతుంది. చేతులకు ముందుగా వేరుశనగ నూనె దట్టంగా రాసుకోవాలి, లేదంటే కలివి పాలు వేళ్లకు బంకలా పట్టి రెండు రోజులైనా వదలవు, సబ్బుకు అసలు లొంగవు. పండ్లను బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, గుప్పెడు గరుకు ఇసుక వేసి రెండు అరచేతుల మధ్య నలపాలి. తొక్కా గుజ్జూ తేలిపోతాయి. మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చేసరికి అడుగున ఇసుకతో పాటు చదునైన గోధుమరంగు గింజలు మిగులుతాయి. ఒక్కో పండుకు రెండు నుంచి నాలుగు. తేలిన గింజల్ని పారబోయాలి, అవి తాలు. మునిగినవి గోనెపట్టా మీద నీడలో పరిచి, తడి ఆరేదాకా ఒక పూట ఉంచితే చాలు.

ఎక్కువమందికి పని చెడేది ఇక్కడే. మిరప గింజల్లా ఎండబెట్టి, డబ్బాలో పోసి, వచ్చే ఏడు చల్లుదామనుకుంటారు. కలివి గింజకు ఆ నిల్వ గుణం లేదు. లోపలి తేమ ఆరిపోతే ప్రాణం పోతుంది. కడిగిన వారం లోపు మట్టిలో పడాలి. నెల దాటిన గింజ మీద ఆశ పెట్టుకోవడం దండగ. పండు వానలకు ముందు పండి వానల్లోనే రాలే చెట్టు ఇది, గింజ ఎదురుచూసేలా తయారైంది కాదు.

సంచులు సన్నగా, లోతుగా ఉండాలి: 5 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు, అడుగునా పక్కలా కలిపి పదికి తక్కువ కాకుండా చిల్లులు. మట్టి పాళ్లు ఎర్రమట్టి రెండు, ఇసుక ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి. ఎరువు ఇంతకంటే ఎక్కువైతే నష్టమే. సంచికి రెండు గింజలు, సెంటీమీటరు లోతున, పైన పలుచగా ఇసుక. ఎలుకలూ ఉడతలూ తవ్వుకుపోకుండా మొలక వచ్చేదాకా ఇనుప జల్లెడ కప్పాలి. యాభై శాతం నీడ వల కింద ఉంచి, రోజ్ క్యాన్‌తో (జల్లులా నీళ్లు పోసే డబ్బాతో) రోజుకోసారి తడపాలి. రెండో వారం నుంచి మొలకలు లేస్తాయి, వెనకబడినవి ఆరో వారం దాకా వస్తూనే ఉంటాయి కాబట్టి మొలకెత్తని సంచుల్ని తొందరపడి దులపకూడదు. రెండూ మొలిస్తే బలమైనది ఉంచి రెండోదాన్ని కత్తిరించాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

జూలై ముసురులో నారు కుళ్లు వస్తుంది. మట్టిని తాకే చోట కాడ గోధుమరంగుకు తిరిగి, మొలక పక్కకు ఒరిగిపోతుంది. మందు వెతికే ముందు నీళ్లు ఆపాలి. సంచుల్ని వానకు తడవకుండా జరిపి, పైన అర అంగుళం పొడి ఇసుక వేసి, రెండు రోజులు ఆరనిస్తే చాలా మటుకు అక్కడితో ఆగిపోతుంది. ఒరిగిన మొలకల్ని మట్టితో సహా తీసి దూరంగా పారేయాలి.

తర్వాత మొక్క నాలుగైదు నెలలు ఎదగనట్టే ఉంటుంది. మూడు అంగుళాలు, మహా అయితే నాలుగు. చూసేవాళ్లకు విసుగొచ్చి యూరియా వేస్తారు. అప్పుడు ఆకు మెత్తగా, వెడల్పుగా వచ్చి అందంగానే కనపడుతుంది, నాటిన మొదటి ఎండకే మాడుతుంది. నిజానికి ఆ నాలుగు అంగుళాల మొక్క వేరు అప్పటికే సంచి అడుగును తాకి ఉంటుంది. అక్టోబరు నుంచి నెలకోసారి ప్రతి సంచినీ ఎత్తి పక్కకు జరపాలి. జరపకపోతే తల్లివేరు అడుగు చిల్లు గుండా నేలలోకి దిగుతుంది, నాటే రోజు లాగితే పుటుక్కున తెగుతుంది. ఇటుకల మీద ఇనుప జాలీ పరిచి దానిపై సంచులు పెడితే ఈ బాధ ఉండదు. గాలి తగిలి వేరు కొన అక్కడే ఆగి, పైన పిల్లవేర్లు వేస్తుంది.

నారుమడిలో ఒక రాత్రిలో పది పదిహేను మొక్కలు ఆకు లేకుండా మోడైతే మేకను అనుమానించనక్కర్లేదు. కింద గుండ్రటి నల్లటి పెంటికలు కనపడతాయి, కాస్త వెతికితే వేలంత ఆకుపచ్చ పురుగు దొరుకుతుంది. తల వెనక రెండు నీలి కళ్ల లాంటి మచ్చలు, పక్కల తెల్లటి గీత, తోక దగ్గర చిన్న కొమ్ము. గన్నేరు మీద పెరిగే పెద్ద చిమ్మట పిల్ల అది, కలివీ గన్నేరూ ఒకే కుటుంబం కాబట్టి దీని మీదా గుడ్లు పెడుతుంది. చేత్తో ఏరి, పెరిగిన పొద మీదో గన్నేరు చెట్టు మీదో వదిలేస్తే సరిపోతుంది. పక్షుల కోసం పొదలు పెంచుతూ, వాటి పిల్లలు తినే పురుగుకు మందు కొట్టడంలో అర్థం లేదు.

నాటే కాలం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో జూన్ చివర నుంచి ఆగస్టు మొదటి దాకా బాగుంటుంది. రాయలసీమలో మాత్రం జూన్ వానను నమ్మకూడదు. ఒక జల్లు కొట్టి, నెలన్నర ముఖం చాటేస్తుంది. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అందులో సెప్టెంబరు, అక్టోబరు నెలల వాటా పెద్దది. అందుకే మేం ఆగస్టు చివరో సెప్టెంబరులోనో, గడ్డపార దింపితే అడుగు లోతు దాకా తడి తగిలినప్పుడే నాటుతాం. ఆ మొక్కకు ఈశాన్య రుతుపవనం వానలు కూడా అందుతాయి. అంటే జూన్‌లో విత్తిన గింజ పదిహేను నెలలు సంచిలో ఉంటుందన్నమాట. నాటడానికి ఐదారు వారాల ముందు నీడ వల తీసేసి, నీళ్లు రెండు రోజులకోసారికి తగ్గించాలి. అడుగు ఎత్తు, పెన్సిల్ లావు కాడ, ముదురు ఆకు, గట్టిపడ్డ ముల్లు ఉన్న మొక్కలే బీటికి వెళ్లాలి.

గుంతలు మాత్రం మేలోనే తవ్వి ఎండబెట్టాలి: అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. పైమట్టి ఒక పక్క, అడుగు గరుసు ఇంకో పక్క. నాటేటప్పుడు పైమట్టిలో రెండు కిలోల కంపోస్టు, వంద గ్రాముల వేపపిండి కలిపి గుంత నింపాలి. వేపపిండి చెద కోసం, ఎర్రనేలల్లో మొదటి ఏడాదిలో మొక్కల్ని చంపేది ఎండ కంటే చెదే. తీసిన గరుసుతో గుంతకు దిగువ వైపు అర్ధచంద్రాకారం గట్టు వేయాలి, జానెడు ఎత్తు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు. గట్టు కొమ్ములు ఎగువకు చూడాలి, అప్పుడే వాలు నీరు లోపలికి వస్తుంది. మొక్కను గట్టు అడుగున లోతులో పెట్టకూడదు, కాస్త ఎగువన, మెట్ట మీద పెట్టాలి. కలివి కరువుకు చావదు గానీ వారం రోజులు నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మొదలు చుట్టూ అరచేతంత రాళ్లు పేర్చితే తడి నిలుస్తుంది, కుందేలు వేరు దాకా గోకదు.

ఇక ఎన్ని నాటాలన్న ప్రశ్న. వరుసలు తీసి, రెండు మీటర్లకొకటి చొప్పున ఎకరానికి వెయ్యి మొక్కలు పెట్టేవాళ్లున్నారు. ఫోటోకు బాగుంటుంది. గుట్టల కింద చిట్టడవి ఎప్పుడూ అలా ఉండదు. పొదలు గుంపులు గుంపులుగా, మధ్య మధ్య గడ్డీ గరుసూ ఉన్న ఖాళీలతో ఉంటుంది. ఆ ఖాళీలు కౌజులకూ బురకపిట్టలకూ మేతచోటు. కలివి కోడి సంగతి ఇంకా స్పష్టం. 1848లో పక్షి పరిశోధకుడు జెర్డాన్ ద్వారా లోకానికి తెలిసిన ఈ రాత్రి పక్షి, ఇక లేదనుకున్నాక 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసం వచ్చిందే. దాని అడుగుజాడల్ని పట్టి చేసిన అధ్యయనాల్లో తేలిందేమంటే, రెండు మీటర్ల ఎత్తు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న నేలల్లో అది ఎక్కువగా తిరుగుతుంది. మరీ బోడిగా ఉన్నా రాదు, మరీ చిక్కబడినా రాదు. ఎకరాల్లో చెబితే 120 నుంచి 280. మనం నాటితే ఆ కోడి వచ్చేస్తుందని కాదు, ఈ నేలకు తగిన చిక్కదనం ఎంతో చెప్పడానికి అంతకంటే మంచి కొలబద్ద లేదు.

అందుకని బతికున్న మొద్దులతో కలిపి ఎకరానికి రెండొందల లోపే ఉంచుతాం. ఐదు నుంచి ఏడు మొక్కలు ఒక గుంపు, గుంపులో మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర రెండు మీటర్లు, గుంపుకూ గుంపుకూ పది మీటర్లకు పైగా. ప్రతి గుంపులో ఒక రేగో పరికో, ఒక బలుసో కలుపుతాం. కలివి ఒక్కటే ఉంటే జూలై తర్వాత పక్షికి అక్కడ పని లేదు. రేగు భోగిపళ్ల వేళకు పండుతుంది, పరికి చలికాలంలో. ఏడాదిలో ఆకలి నెలలు ఎంత తగ్గితే అంత మంచిది.

నేలలో లంటానా, సర్కారు తుమ్మ లాంటి పరాయి కంపలు ముందే ఉంటే వాటిని పైపైన కొట్టడం వల్ల ఒకటికి నాలుగు చిగుళ్లు వస్తాయి. లంటానాను మట్టిలో మూడు నాలుగు అంగుళాల కింద, కాండం వేరుగా మారే చోటికి దిగువన తెగ్గొట్టి, మొద్దును తలకిందులుగా పడేయాలి. వేరు ఆకాశం వైపు ఉంటే మళ్లీ పట్టుకోదు. కాయ పట్టకముందే, నేల తడిగా ఉన్నప్పుడే ఈ పని. ఉన్నదంతా ఒకే ఏడు తీస్తే పిట్టలకు గూడు చోటుండదు, కాబట్టి కలివి ఎదిగే కొద్దీ మూడు విడతల్లో తీయాలి. కొట్టిన సర్కారు తుమ్మ కంపనే గుంపుల చుట్టూ కంచెగా వేస్తాం, కాయలు ఒక్కటీ లేకుండా దులిపాకే. కాయలున్న కంప వేస్తే పశువులు తిని, పేడతో ఊరంతా చల్లుతాయి.

మొదటి ఎండాకాలం ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి మొక్కకు ఐదు లీటర్లు, నిదానంగా. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది, నీళ్లు ఆపిన వారానికి వాడుతుంది. రెండో ఎండాకాలం ఒకటి రెండు తడులు, తర్వాత లేవు. ఏప్రిల్‌లో ఆకులన్నీ రాల్చి ఎండిపోయినట్టు కనపడ్డ మొక్కను చచ్చినదాని కింద రాయకూడదు. గోటితో మొదలు దగ్గర బెరడు గీకి చూడండి, పచ్చగా ఉంటే బతికున్నట్టే. గోధుమరంగులో ఉన్నా తొలి మంచి వాన పడి మూడు వారాలయ్యేదాకా పీకొద్దు. కొన్ని వేరు నుంచే చిగురిస్తాయి. బతికిన మొక్కల లెక్క మేలో తీసి నివేదిక రాస్తే అది తప్పుడు లెక్క, ఆగస్టులో తీయాలి.

నిప్పు సంగతి జనవరిలోపే చూసుకోవాలి. చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి, లోపలి గడ్డిని కోసుకోమని ఊళ్లో పశువులున్నవాళ్లకు ఉచితంగా ఇచ్చేయాలి. మంటకు మేత తగ్గుతుంది, మేకల కాపరులతో పేచీ కూడా తగ్గుతుంది. మేకలు నీళ్లకు వెళ్లే పాత దారిని కంచెతో మూసేస్తే ఏ కంచే ఆగదు. ఆ దారిని వదిలిపెట్టాకే గుంపుల స్థానాలు గుర్తించాలి. ముళ్ల చెట్టు కదా, మేక ముట్టదనుకోవద్దు. మొదటి రెండేళ్లు ముల్లు లేతగా ఉంటుంది, చిగురును మేక ఇష్టంగా తింటుంది.

నాటిన మూడో ఏటి నుంచి పూత చూడొచ్చు. పొద కింది కొమ్మలు నేలను తాకుతూ ఉంటే వాటిని కత్తిరించి ‘నీట్‌గా’ చేయాలనిపిస్తుంది కొందరికి. ఆ పావడా కిందే కౌజు దాక్కుంటుంది, కుందేలు పడుకుంటుంది, రాలిన ఆకు కుళ్లి మట్టి నల్లబడుతుంది. వేప, బలుసు, చందనం మొలకలు మేకకు అందకుండా ముందు అక్కడే లేస్తాయి. వాటిని తవ్వి వేరేచోట నాటే ప్రయత్నం చేయొద్దు, పిట్ట వేసిన చోటే వాటికి నప్పుతుంది. ఖాళీల్లో అక్కడక్కడా ఎండిన కొమ్మను ఆరడుగుల ఎత్తున పాతితే పిగిలిపిట్టలూ గోరువంకలూ వాలి గింజలు వేస్తాయి. ఆ కొమ్మల కింద వానాకాలంలో ఏ మొలకలున్నాయో చూసి, వాటి చుట్టూ నాలుగు రాళ్లు పెట్టడం ఇకపై పెద్ద పని. నక్క పెంటికల్ని పుల్లతో విప్పి చూస్తే చదునైన కలివి గింజలు కనపడతాయి. అవి మన పొదల పండ్లే అయితే నర్సరీ మూసేసే రోజు దగ్గరపడ్డట్టే.

పండ్లు పడ్డాక ఊరివాళ్లు రావడం మొదలవుతుంది. బస్టాండు దగ్గర గంపలో పెట్టి గ్లాసుల లెక్కన అమ్ముకునే సరుకు అది, వద్దనడం న్యాయం కాదు. చేతికి అందిన పై వైపు పండ్లు కోసుకోమని, లోపలివీ కిందివీ వదిలేయమని చెబుతాం. కొడవలి మాత్రం తేవద్దంటాం. కొమ్మలు నరికి ఇంటికి మోసుకెళ్లి తీరిగ్గా తెంపుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా నరికిన పొద మరుసటి ఏడు చిగురు వేసుకోవడంతోనే సరిపెట్టుకుంటుంది, కాపు తగ్గిపోతుంది.